ఎల్‌కేజీ టీచర్ నుంచి కరికులం, రీసెర్చ్ వైపు వెళ్ళినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? దారి చెప్పండి

పటమట టీచర్ · ఆదివారం రాత్రి 10:12

అందరికీ నమస్తే అండి. నాది విజయవాడ, పటమటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ చెప్తున్నా, ఆరేళ్ళయింది. డిగ్రీ అయ్యాక ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ ట్రైనింగ్) చేశా, పెళ్ళయ్యాక ఇక్కడ చేరా. ప్రతి ఏడూ ఇదే చూస్తున్నా, జూన్‌లో మూడున్నరేళ్ళ పిల్లలు ఏడ్చుకుంటా వస్తారు, ఆగస్టుకల్లా నాలుగు గీతల పుస్తకంలో ఏబీసీడీలు రాయించాలి, దసరా సెలవుల్లోపు అఆలు అయిపోవాలి అని పైనుంచి చెప్తారు. మొన్న ఒక బాబు పెన్సిల్‌ని గుప్పెట్లో బిగించి పట్టుకుని రాస్తంటే పేజీ చిరిగిపోయింది. వాడు పేజీ చూడలేదండి, నా మొహం చూశాడు, "టీచర్ నేను బ్యాడ్ బాయ్‌నా" అన్నాడు. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి ఒకటే ఆలోచన, అసలు ఏ వయసుకి ఏం నేర్పాలో ఎవరు తేలుస్తారు, ఆ పుస్తకాలు ఎవరు రాస్తారు, ఆ పని నేను చెయ్యాలంటే ఏం చదవాలి? నాకు 32. ఇల్లు వదిలి ఢిల్లీ, బెంగళూరు వెళ్ళి ఉండలేను, పాప రెండో తరగతి. ఈ దారిలో నడిచినవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి ప్లీజ్.

మిర్చియార్డు నాన్న · ఆదివారం రాత్రి 10:40

మీ బాధ అర్థమైంది మేడం కానీ తల్లిదండ్రుల వైపు నుంచి కూడా ఒక మాట. మాది గుంటూరు. మా పెద్దోడిని ఒకటో తరగతికి తీసుకెళ్తే టెస్ట్ పెట్టారు, చిన్న వాక్యాలు రాయమన్నారు, వాడు రాయలేకపోతే సీటు లేదన్నారు. అందుకే చిన్నదాన్ని రాత బాగా చేయించే స్కూల్లో వేశా. ఆటలతో నేర్పిస్తాం అని మీరంటే నాకు భయం వేస్తది. నా పిల్లతో ప్రయోగం చేసి అది ఫెయిలైతే ఆ ఏడాది దానికి ఎవరు తిరిగిస్తారు?

గోరింటాకు · ఆదివారం రాత్రి 11:55

అమ్మా పటమట టీచరూ, నేను నడిచిన దారే అది. గుంటూరు బ్రాడీపేటలో ఉంటా. బాపట్లలో హోం సైన్స్ చదివా, తర్వాత మూడేళ్ళు నర్సరీ టీచర్‌ని, ఆ తర్వాత రీసెర్చ్ ప్రాజెక్టుల్లో ఫీల్డ్ పని, ఇప్పుడు పన్నెండేళ్ళుగా మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలకి పాఠాలు, ఆటలు, టీచర్లకి గైడ్లు తయారుచేస్తున్నా. కొంచెం పెద్దగా రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు ఆ పేజీ చిరిగిన బాబు సంగతి. తప్పు వాడిదీ కాదు నీదీ కాదు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి, పుట్టినప్పుడు అవి ఎముకలే కావు, మెత్తటి మృదులాస్థి. ఒక్కోటీ ఒక్కో వయసులో గట్టిపడతా వస్తుంది, ఆఖరిది గట్టిపడేసరికి పిల్లాడికి తొమ్మిదీ పదేళ్ళు దాటుతాయి. మూడున్నరేళ్ళవాడు గుప్పెట్లో పట్టుకోవడం ఆ వయసుకి మామూలు సంగతి. వాడికి కావాల్సింది చపాతీ పిండి పిసకడం, మల్లెపూలు దారానికి గుచ్చడం, చిక్కుడుకాయలు ఒలవడం, నీళ్ళలో ముంచిన గుడ్డ పిండడం. ఇవన్నీ పెన్సిల్‌కి ముందు చెయ్యాల్సిన పనులు. మీ అమ్మమ్మ నీ చేత చేయించే ఉంటది.

ఇక నా దారి. ఫీల్డ్ పనిలో మొదటి రెండేళ్ళు నేను చేసిందల్లా పిల్లల పక్కన నేలమీద కూర్చుని రాసుకోవడం. ఒక రోజు చెప్తా. మంగళగిరి దగ్గర ఒక అంగన్‌వాడీ, పక్కిళ్ళల్లో మగ్గాల చప్పుడు. నాలుగున్నరేళ్ళ పాప. నా దగ్గర చింతపిక్కల డబ్బా, ఒక స్కోర్ షీటు. ఏడు పిక్కలు వరసలో పెట్టి లెక్కపెట్టమన్నా. ఒక్కో పిక్క మీదా వేలు పెట్టి ఏడుదాకా తప్పులేకుండా చెప్పింది. "మరి మొత్తం ఎన్నమ్మా?" అన్నా. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది. మళ్ళీ అడిగా, మళ్ళీ లెక్క. "నాకు నాలుగు ఇవ్వు" అంటే గుప్పెడు తీసి పోసింది. షీటు ప్రకారం సున్నా వేశా.

మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళా, వాళ్ళమ్మ సంతకం కావాలి. ఆవిడ మగ్గం మీద కూర్చుని లేవకుండానే "రెండు కండెలు తేవే" అంది. పాప నూలు చుట్టిన కండెల బుట్టలోంచి సరిగ్గా రెండు తీసుకొచ్చి ఇచ్చింది, లెక్కపెట్టనన్నా లేదు. నేనూ "మూడు తీసుకురా తల్లీ" అన్నా. ఐదు తెచ్చింది.

అప్పుడు నాకు లైటు వెలిగింది. ఆ పిల్లకి సంఖ్యలు రాకపోవడం కాదు, ఒకటి తెలుసు, రెండు తెలుసు, మూడింకా రాలేదు. ఏడుదాకా ఒప్పచెప్పడం వేరు, ఏడు అంటే ఎంతో తెలియడం వేరు. దీన్ని చూడ్డానికే పరిశోధకులు "ఇన్ని ఇవ్వు" అనే పరీక్ష వాడతారు, కారెన్ విన్ అనే ఆవిడ 1990లో దీని మీద రాశారు, పిల్లలు ఒకటి, తర్వాత కొన్ని నెలలకి రెండు, ఆ తర్వాత మూడు, ఇలా మెట్టుమెట్టుగా ఎక్కుతారని. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని నేను రాసిన ఆట "కండెలు తేవే" ఇప్పటికీ నా గైడులో ఉంది. మూడు తెలియని పిల్లకి వందదాకా అప్పచెప్పించి ఏం లాభం, మూడు తేవడం నేర్పిస్తే చాలు ఆ వారానికి.

నన్నడిగితే కరికులం అంటే ఇదే. పిల్ల ఇప్పుడు ఏ మెట్టు మీదుందో చూడాలి, తర్వాతి మెట్టుకి ఒక ఆట తయారుచెయ్యాలి, అది నిజంగా పనిచేసిందో లేదో మళ్ళీ చూడాలి. డిగ్రీలు దీనికి సాయం చేస్తాయి, కానీ చూపు క్లాసులోనే వస్తుంది, అది నీకు ఆరేళ్ళు ఉంది. చదువు గురించి రేపు రాస్తా.

పటమట టీచర్ · సోమవారం ఉదయం 6:05

మేడం, పొద్దున్నే చదివి ఏడ్చేశా. థాంక్యూ. స్కూల్ నుంచి వచ్చాక రాస్తా.

కృష్ణలంక అంగన్‌వాడీ · సోమవారం మధ్యాహ్నం 2:20

గోరింటాకు అక్కా నమస్తే. నేను అంగన్‌వాడీ టీచర్‌ని, పదహారేళ్ళ సర్వీసు. మీరు చెప్పిన ఆటలు బాగున్నాయి, నేను కొన్ని చేయిస్తా కూడా. కానీ ఒక మాట మీలాంటి కరికులం రాసేవాళ్ళందరికీ చేరాలని రాస్తున్నా. మా అంగన్‌వాడీలు నడిచే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో మొదలైంది, అందులో ఆరు సేవలు. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకి ఆరోగ్య విషయాలు చెప్పడం, ఇన్ని అయ్యాక ప్రీస్కూలు. ఆరింటికీ నేనొక్కదాన్నే, ఆయమ్మ వంటకీ శుభ్రానికీ. పొద్దున్నే గుడ్లు లెక్కచూసుకోవాలి, పాలు చూసుకోవాలి, బరువులు తూచాలి, ఫోన్లో యాప్‌లో ఎక్కించాలి, సిగ్నల్ లేకపోతే బయటికెళ్ళి నిలబడి ఎక్కించాలి, ఈలోపు బాలింతలు వస్తారు. పిల్లలతో కూర్చునేది ఎంతసేపు? మంచిరోజున గంట.

ట్రైనింగుకి పిలుస్తారు, బొమ్మల కిట్టు ఇస్తారు, కార్డులు ఇస్తారు. అన్నీ మంచివే. వాటితో పిల్లల పక్కన కూర్చోడానికి ఆ గంట ఎక్కడినుంచి తేవాలో మాత్రం ఎవరూ రాయరు. మీ గైడులో "పిల్లలని నలుగురు చొప్పున గుంపులు చెయ్యండి" అని ఉంటది. ఒక గుంపుతో నేనుంటే మిగతా ఇరవైమంది రోడ్డు మీదకి పోతారక్కా. మా సెంటర్‌కి గేటు లేదు.

లెక్కల మనిషి · సోమవారం సాయంత్రం 5:48

అంగన్‌వాడీ మేడం చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, దానికి ఆధారం కూడా ఉంది. నేను విద్యా ప్రాజెక్టుల్లో డేటా చూసే పని చేస్తా. తమిళనాడులో సరిగ్గా ఇదే ప్రశ్న మీద పెద్ద ప్రయోగం జరిగింది, గనీమియన్, కార్తీక్ మురళీధరన్, వాల్టర్స్ అనే ముగ్గురు చేశారు. కొన్ని అంగన్‌వాడీలని లాటరీలాగా ఎంచుకుని ప్రీస్కూలు చెప్పడానికే సగం పూట పనిచేసే ఇంకొక మనిషిని పెట్టారు. ఫలితం ఏంటంటే చదువు చెప్పే సమయం రెట్టింపైంది, పిల్లల లెక్కలు, భాష రెండూ మెరుగయ్యాయి, ఇంకో విషయం, పాత టీచర్‌కి పోషణ మీద పెట్టడానికి టైం దొరకడంతో పిల్లల ఎదుగుదల లోపం కూడా తగ్గింది. కొత్త పుస్తకం కన్నా ఇంకో మనిషి అవసరం అనేది అక్కడ తేలిన విషయం.

గోరింటాకు గారికి ఒక చిన్న సందేహం, తప్పుగా అనుకోవద్దు. ఆటలతో లెక్కలు అన్నారు. ఢిల్లీలో డిలన్, ఎస్తేర్ డఫ్లో, స్పెల్కీ వాళ్ళు 214 ప్రీస్కూళ్ళలో 1,540 మంది పిల్లలతో లెక్కల ఆటలు ఆడించి చూశారు, 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆటలు ఆడిన పిల్లలకి ఏది ఎక్కువ ఏది తక్కువ, ఆకారాలు, ఇలాంటి చూపు బాగా పెరిగింది, ఏడాది తర్వాత కూడా నిలిచింది. కానీ ఒకటో తరగతి లెక్కల్లో మాత్రం వాళ్ళు ముందుకెళ్ళలేదు. అంటే సరదాగా ఆడిస్తే చాలు బడి లెక్కలు వాటంతటవే వస్తాయి అనుకోడానికి లేదు. మిర్చియార్డు నాన్న గారి భయం ఉత్తి భయం కాదనే నా ఉద్దేశం.

మిర్చియార్డు నాన్న · సోమవారం రాత్రి 8:15

థాంక్స్ బ్రదర్. నేను అడిగింది అదే, నిరూపించండి అని.

గోరింటాకు · సోమవారం రాత్రి 11:10

ముందు అంగన్‌వాడీ చెల్లికి. నువ్వు రాసింది రెండుసార్లు చదివా. ఆ నలుగురు చొప్పున గుంపులు అనే వాక్యం నేనూ రాశా నా మొదటి గైడులో. ఏసీ గదిలో కూర్చుని రాశా. కృష్ణ కరకట్ట కింద ఒక సెంటర్లో దాన్ని చేసి చూడబోయేదాకా నాకు తెలియలేదు, అక్కడా గేటు లేదు. అప్పట్నుంచి నా గైడులో ప్రతి ఆటకీ "ఒక్కరే ఉంటే" అని ఒక వరస ఉంటది. అందరూ గుండ్రంగా కూర్చునే ఆట, పెద్దపిల్ల చిన్నపిల్లకి చేయించే ఆట, అన్నం టైములో పళ్ళాలు పంచుతా చేసే లెక్క. "ప్రతివాళ్ళకీ ఒక పళ్ళెం, ఒక గుడ్డు" అని పిల్ల చేత పంచిస్తే అదే ఒకటికొకటి జతకూర్చడం, దానికి వేరే గంట అక్కర్లేదు. అయినా ఇది సర్దుబాటే, న్యాయం కాదు. ఇంకొక మనిషి కావాలి, గేటు కావాలి. ఏ మీటింగ్‌కి పిలిచినా నేను ముందు ఈ రెండే అడుగుతా.

ఇప్పుడు లెక్కల మనిషి గారికి. మీరు చెప్పింది సరిగ్గా చెప్పారు, ఆ పరిశోధన నా పనిని మార్చింది కూడా. నేను దాంట్లోంచి తీసుకున్నది ఏంటంటే ఆటకీ అంకెకీ మధ్య వంతెన కట్టాలి. కండెలు తెచ్చే ఆటలో మొదటి వారం మాట మాత్రమే, రెండో వారం మాటతోపాటు మూడు చుక్కల కార్డు, మూడో వారం చుక్కల పక్కన 3 అంకె, నాలుగో వారం చుక్కలు తీసేసి ఒట్టి అంకె చూపించి "ఇన్ని తేవే". రాయించడం అప్పుడు కాదు, ఇంకా తర్వాత. పిల్లకి మూడు అంటే ఏంటో ఒళ్ళో ఉంది, గుర్తు దాని మీద కూర్చుంటుంది.

నాన్నగారూ, మీ భయం మీద నాకు గౌరవం ఉంది. మీ అబ్బాయికి జరిగింది అన్యాయం, చిన్నపిల్లాడికి సీటు కోసం పరీక్ష పెట్టడమే తప్పు, విద్యాహక్కు చట్టంలో కూడా 13వ సెక్షన్ అడ్మిషన్ దగ్గర పిల్లాడికి గానీ తల్లిదండ్రులకి గానీ ఇంటర్వ్యూ పెట్టకూడదంటుంది. రాత ఎక్కువ చేయించే స్కూలు మంచిదనే మాటకి మాత్రం మన దగ్గరే పెద్ద అధ్యయనం ఉంది. 2011లో మొదలుపెట్టి అస్సాం, రాజస్థాన్, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని తెలంగాణలో 14,000 మంది నాలుగేళ్ళ పిల్లల్ని కొన్నేళ్ళు వెంట ఉండి చూశారు, ఢిల్లీ అంబేద్కర్ యూనివర్సిటీలో చిన్నపిల్లల చదువు, ఎదుగుదల మీద పనిచేసే సెంటర్, పిల్లల చదువు మీద సర్వేలు చేసే అసర్ సెంటర్ కలిసి చేశారు. ఐదేళ్ళు వచ్చేసరికి చాలామంది పిల్లలు బడికి సిద్ధంగా లేరు, ప్రైవేటులో రాత, బట్టీ, అంగన్‌వాడీలో అసలు చదువు తక్కువ, రెండుచోట్లా ఆ వయసుకి తగ్గ పని జరగట్లేదని తేల్చారు. ఎక్కడ ఆటతో, మాటతో పద్ధతిగా చెప్పారో అక్కడ పిల్లలు మెరుగ్గా సిద్ధమయ్యారు, ఆ సిద్ధం అయినవాళ్ళు తర్వాత క్లాసుల్లో బాగా నేర్చుకున్నారు. మీ పాప మీద ప్రయోగం ఇప్పటికే జరుగుతోంది నాన్నగారూ, నాలుగేళ్ళ పిల్ల చేత పేజీలు రాయించడం కూడా ప్రయోగమే, దాని ఫలితం ఎవరూ కొలవట్లేదు అంతే.

బోయపాలెం డైట్ · మంగళవారం ఉదయం 9:30

మేడం నేను డైట్ (టీచర్ ట్రైనింగ్ కాలేజీ) స్టూడెంట్‌ని. అక్షరాల గురించి చెప్పండి. మా ఊళ్ళో అందరూ అ అమ్మ ఆ ఆవు వరసలోనే చెప్తారు. ట్రైనింగ్‌లో వరస అక్కర్లేదు అంటారు. ఏది కరెక్టు?

గోరింటాకు · మంగళవారం మధ్యాహ్నం 1:40

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న బాబూ. వర్ణమాల వరస చాలా గొప్పది, నోట్లో శబ్దం ఎక్కడ పుడుతుందో దాని ప్రకారం పెద్దవాళ్ళు పేర్చారు. పాటలాగా నేర్పించు, నేను వద్దనను. కానీ చదవడం మొదలుపెట్టడానికి ఆ వరస సాయం చెయ్యదు. ఎందుకంటే అ ఆ ఇ ఈ నుంచి అః దాకా వచ్చినా పిల్ల సొంతంగా చదవగలిగే మాటలు దొరకవు, తెలుగు మాటల్లో అచ్చులు మొదట్లో వస్తాయి, తర్వాతంతా హల్లులు, గుణింతాలే. ఋ, ౠ దగ్గర నెల పోతుంది. అదే ప, ల, క, వ, డ, గ ఇవి ఆరు నేర్పిస్తే పలక, కల, వల, పడవ, కడవ, గడప, ఇన్ని చదివేస్తారు. మొదటి నెలలోనే "నేను చదివా" అనే మాట పిల్ల నోట్లోంచి వస్తది, ఆ ముఖం చూడాలి నువ్వు.

ఇంకోటి, ఆకారాలు. మన లిపిలో పిల్లలు పొరబడేవి కొన్ని జతలుంటాయి. ప, వ. ద, ధ, థ. అన్నిటికన్నా ఎక్కువ మ, వు. ఒకసారి నల్లపాడు దగ్గర బళ్ళో యూకేజీ పిల్లాడు "మర" అని ఉన్నచోట ప్రతిసారీ "వుర" అని చదివాడు. టీచరమ్మ శ్రద్ధ లేదని తిడుతోంది. వాడి వేలు ఎక్కడుందో చూశా, మ కుడివైపు తోక మీద పెట్టి "ఇది కొమ్ము" అంటున్నాడు. వాడు చాలా శ్రద్ధగా చూశాడు! వ కి కొమ్మిస్తే అలాగే ఉంటది కదా. తప్పు వాడి కంట్లో లేదు, రెండూ ఒకే వారంలో నేర్పిన మా పుస్తకంలో ఉంది. పక్కపక్కన పెట్టి తేడా చూపించడం తర్వాత, ముందు మ ఒక్కటే గట్టిపడాలి, వు కి కనీసం రెండు నెలలు ఎడం ఉండాలి. ఆ పుస్తకం రెండో ముద్రణలో మార్పించా.

కన్నడ అక్షరాల మీద సోనాలీ నాగ్ గారు 2007లో రాసిన పరిశోధన చదువు, కన్నడం మనకి బాగా దగ్గర. ఇంగ్లీషు 26 అక్షరాల్లాగా ఏడాదిలో అయిపోయే పని కాదిది, గుణింతాలు ఒత్తులు కలిపి వందల అక్షరాలు, పిల్లలు నాలుగో తరగతి దాకా నేర్చుకుంటానే ఉంటారని చూపించారు. అది తెలిస్తే యూకేజీలోనే ఒత్తులు రావాలని ఎవరం ఒత్తిడి పెట్టం.

భవానీపురం కరెస్పాండెంట్ · మంగళవారం రాత్రి 9:05

చిన్న స్కూలు నడుపుతున్నానండి, నర్సరీ నుంచి ఐదు దాకా. మూడేళ్ళ క్రితం ఎల్‌కేజీలో రాత తీసేశా. ఆ ఏడాది మధ్యలోనే తొమ్మిదిమంది పిల్లల్ని మాన్పించి తీసుకెళ్ళారు, "ఖాళీ పుస్తకాలకి ఫీజా" అన్నారు. జీతాలివ్వడానికి ఇబ్బందిపడ్డా. తర్వాత ఏడు ఒక పని చేశా, నెలకోసారి శనివారం తల్లిదండ్రుల్ని పిలిచి క్లాసులో కూర్చోపెట్టా, పిల్లతోపాటు వాళ్ళూ ఆడాలి, వెళ్ళేముందు టీచర్ ఒక్కో పిల్ల గురించి మూడు సంగతులు చెప్పాలి, ఏం వచ్చింది, ఏం వస్తోంది, ఇంట్లో ఏం చెయ్యాలి. దాంతో నిలబడ్డాం. పటమట టీచర్ గారూ, మాలాంటి స్కూళ్ళకి పుస్తకాలమ్మే కంపెనీలు బోలెడు వస్తాయి, టీచర్ పక్కన నిలబడి ఇలా చెయ్యి అని చూపించేవాళ్ళు మాత్రం ఎవరూ రారు. మీరు ఆ పని నేర్చుకుంటే నాలాంటోళ్ళు ఊరికి పదిమంది పిలుస్తాం.

కొండపల్లి చెక్క · మంగళవారం రాత్రి 10:20

మాది బొమ్మల కాలనీ. ఒక మేడం వచ్చి పిల్లలకి లెక్కపెట్టుకునే బొమ్మలు చెయ్యమన్నారు, అందుకే రాస్తున్నా. తెల్ల పొణికి చెక్క తేలిక, పిల్లలు పట్టుకోడానికి బాగుంటది, చింతగింజల మక్కు పెట్టి అతికిస్తాం. కానీ నోట్లో పెట్టుకునే పిల్లలకి రంగుల సంగతి చూసుకోవాలి, ఏటికొప్పాకవాళ్ళు అంకుడు కర్ర మీద లక్కతో చెట్టురంగులు వేస్తారు, చప్పరించే వయసుకి అవి మేలు. గొంతులో పోయేంత చిన్నవి అడిగితే మేం చెయ్యం అని చెప్పాం, ఆ మేడం కూడా ఒప్పుకున్నారు. ఎడ్లబండి, రైతు, కల్లుగీత మనిషి, ఇవి పెడితే పిల్లలు కథలు వాళ్ళే చెప్తారంట.

గోరింటాకు · మంగళవారం రాత్రి 11:30

ఆ మేడం నేనే అన్నా. మీరు చేసిన ఎడ్లబండి సెట్టు ఇప్పటికి నలభై సెంటర్లు తిరిగింది, ఒక్క చక్రం ఊడలేదు. రెండెడ్లు, నాలుగు బస్తాలు, ఒక బండి. "బస్తాలు ఎడ్లకి సమానంగా పంచు" అంటే నాలుగేళ్ళ పిల్లలు భాగహారం చేస్తున్నామని తెలియకుండా చేస్తారు.

పటమట టీచరూ, చదువు సంగతి బాకీ ఉన్నా. ఇల్లు కదలకుండా అంటే దూరవిద్య ఇచ్చే ఇగ్నో యూనివర్సిటీలో ఎర్లీ చైల్డ్‌హుడ్ కేర్ అండ్ ఎడ్యుకేషన్ డిప్లొమా ఉంది, నీ ఎన్‌టీటీ కన్నా లోతుగా ఉంటది, ప్రాజెక్టు పని ఉంటది. రెగ్యులర్‌గా చదవగలిగితే గుంటూరు లాంలో వ్యవసాయ యూనివర్సిటీ కింద కమ్యూనిటీ సైన్స్ కాలేజీ ఉంది, పాత హోం సైన్సే, వాళ్ళ దగ్గర పిల్లల ఎదుగుదల సబ్జెక్టుగా ఉంటది. బయటికెళ్ళగలిగినవాళ్ళు బరోడా ఎంఎస్ యూనివర్సిటీ, ఢిల్లీ అంబేద్కర్ యూనివర్సిటీ, బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ చూస్తారు. ముందు ఉచితంగా చేయగలిగింది, 2022 అక్టోబరులో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ జాతీయ కరికులం పత్రం డౌన్‌లోడ్ చేసుకుని చదువు. 2020 విద్యా విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశ అంది కదా, ఆ దశకి ఏం చెయ్యాలో ఈ పత్రంలో వివరంగా ఉంది. రోజుకి నాలుగు పేజీలు, పక్కన నీ క్లాసులో పిల్ల పేరు రాసుకుంటా చదువు, అప్పుడే ఎక్కుద్ది.

రీసెర్చ్ అంటే భయపడకు. మొదటి పని ఇద్దరు కలిసి ఒకే క్లాసు చూసి విడివిడిగా మార్కులు వేసి పోల్చుకోవడం. నువ్వు "టీచర్ పిల్లల మాట వింటోంది" అని నాలుగేస్తే ఇంకొకామె రెండేస్తుంది, ఎందుకు అని కూర్చుని మాట్లాడుకోవాలి, ఆ మాటల్లోనే చూపు పదునెక్కుద్ది. తర్వాత పరీక్ష మన పిల్లలకి తగ్గట్టు మార్చడం. ఒకసారి పైనుంచి వచ్చిన బొమ్మల పరీక్షలో మంచు మనిషి బొమ్మ ఉంది, గుంటూరు ఎండలో పెరిగిన పిల్లలు దాన్ని "దూది అంకుల్", "ఇడ్లీలు" అన్నారు, షీటులో తప్పని పడింది. ఆ బొమ్మ తీయించడానికి నేను నాలుగు ఉత్తరాలు రాశా, తీయించా.

కష్టాలు కూడా చెప్పాలి. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే జీతం, మధ్యలో ఏడెనిమిది నెలలు ఖాళీగా ఉన్న రోజులున్నాయి, అప్పుడు మా ఆయన జీతం మీదే ఇల్లు నడిచింది. ఒక ప్రచురణ సంస్థకి రెండేళ్ళు కూర్చుని మూడు పుస్తకాలు రాసిస్తే నా పేరు లేకుండా వేసుకున్నారు, అడిగితే అగ్రిమెంటులో లేదన్నారు. అందుకని ఏ కాయితం మీదైనా సంతకం పెట్టేముందు పేరు వేస్తారా లేదా రాయించుకో. పిల్లల ఫొటోలు, పేర్లు తల్లి ఒప్పుకోకుండా ఎక్కడా వాడకు, ఎంత పెద్ద సంస్థ అడిగినా సరే.

లెక్కల మనిషి · బుధవారం ఉదయం 7:50

మంచు మనిషి ఉదాహరణ మా టీంలో చూపిస్తా మేడం, అనుమతిస్తే. ఇంకొక మాట, చాలామంది అమెరికాలో పెర్రీ ప్రీస్కూలు చూపించి ప్రీస్కూలు పెడితే జీవితాలు మారిపోతాయంటారు. 1962లో మిషిగన్‌లోని ఇప్సిలాంటిలో మొదలైంది, మొత్తం 123 మంది పిల్లలు, నలభై ఏళ్ళ వయసు దాకా వెంట ఉండి చూశారు, ప్రీస్కూలుకి వెళ్ళినవాళ్ళు చదువులో, సంపాదనలో ముందున్నారు, నేరాల్లో తక్కువ. నిజమే, కానీ అక్కడ ఒక్కో టీచర్‌కి ఐదారుగురు పిల్లలు, టీచర్ ప్రతివారం ఇంటికెళ్ళి తల్లితో కూర్చునేది. ఇరవై ఐదుమందికి ఒక టీచర్ ఉన్నచోట ఆ ఫలితం ఆశించి, రాకపోతే అంగన్‌వాడీ మేడంని తప్పుపట్టడం అన్యాయం.

కృష్ణలంక అంగన్‌వాడీ · బుధవారం మధ్యాహ్నం 3:15

ఈ మాట అన్నందుకు మీకు దణ్ణం అన్నయ్యా. ఇవాళ గుడ్లు పిల్లల చేత పంచించా. ఒక బుడ్డోడు "ఇద్దరికి రాలేదు టీచర్, రెండు కావాలి" అని వాడే చెప్పాడు. అది లెక్కే కదక్కా?

గోరింటాకు · బుధవారం మధ్యాహ్నం 3:22

లెక్కే చెల్లీ! తీసివేత. వాడి పేరు, తారీఖు, వాడన్న మాట అన్నట్టుగా రాసిపెట్టు.

పటమట టీచర్ · బుధవారం రాత్రి 9:48

అక్కా, మేడం అని పిలవబుద్ధి కావట్లేదు, అక్కా అంటా. ఇవాళ లంచ్ తర్వాత పదిహేను నిమిషాలు దొరికితే చింతపిక్కలతో చేశా, ఆరుగురితో. అందరూ ఇరవైదాకా గడగడా చెప్తారు, ఇరవై దాకా రాస్తారు కూడా. "నాకు నాలుగు ఇవ్వు" అంటే ఇద్దరే ఇచ్చారు. ఒకమ్మాయి మూడు దాకా. మిగతావాళ్ళు గుప్పెడు. ఆరేళ్ళుగా నేను వాళ్ళకి లెక్కలు వచ్చనుకుంటున్నా.

పేజీ చిరిగిన బాబు ఉన్నాడే, వాడు నాలుగూ ఇచ్చాడు, ఐదూ ఇచ్చాడు, ఆరూ ఇచ్చాడు. అడగకుండానే "ఇంకా మూడు మిగిలాయి టీచర్" అన్నాడు. రాతలో వాడికి క్లాసులో అందరికన్నా తక్కువ గ్రేడ్ వేశాం పోయిన టర్మ్. వాళ్ళమ్మకి సాయంత్రం గేటు దగ్గర చెప్పా, ఆవిడ రెండుసార్లు అడిగింది "మా వాడేనా మేడం" అని.

మిర్చియార్డు నాన్న · బుధవారం రాత్రి 10:30

మా చిన్నదాన్ని ఇప్పుడే అడిగి చూశా, శెనగపప్పులతో. వందదాకా చెప్పుద్ది. నాలుగు ఇవ్వమంటే గుప్పెడిచ్చింది. గోరింటాకు గారూ, ఆ కండెల ఆట మొదటి వారం ఏం చెయ్యాలో ఇంకొంచెం వివరంగా రాయండి, మా ఇంట్లో కండెలు లేవు, ఏం వాడాలి?

గోరింటాకు · బుధవారం రాత్రి 11:02

ఎండుమిరపకాయలు మాత్రం వద్దు నాన్నగారూ, కళ్ళు నులుముకుంటారు. చెంచాలు వాడండి. అన్నం వడ్డించేటప్పుడు "రెండు చెంచాలు తే తల్లీ" అనండి, రెండు తప్పు లేకుండా మూడు రోజులు తెస్తే అప్పుడు మూడు అడగండి. తప్పు తెస్తే తప్పనొద్దు, ఇద్దరూ కలిసి కంచాల పక్కన పెట్టి చూడండి, మిగిలిందో చాల్లేదో అదే చెప్పుద్ది.

పటమట టీచరూ, ఆ ఆరుగురి సంగతి ఒక నోటు పుస్తకంలో రాయి, ఎవరు ఎంతదాకా ఇచ్చారు, ఏమన్నారు, నెల తర్వాత మళ్ళీ అదే చేసి పక్కన రాయి. ఈ శనివారం నేను గవర్నరుపేటలో ట్రైనింగుకి వస్తున్నా, నాలుగింటికి అయిపోద్ది. ఆ పుస్తకం పట్టుకుని రా, పాపని కూడా తీసుకురా.